సంతకం పెట్టని ప్రిఫెక్ట్

జిల్లా అంటే మనకు ముందు గుర్తొచ్చేది కలెక్టరు. గొడవలైనా, వరదొచ్చినా, రేషన్ బియ్యం అందకపోయినా జనం చూసేది ఆ కార్యాలయం వైపే. మరి ఒకరోజు పరాయి దేశపు సైన్యం ఊళ్లోకి దిగిందనుకోండి. రాజధానిలో ప్రభుత్వం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. కలెక్టరు మాత్రం కుర్చీలో ఉన్నారు. అప్పుడు ఆయన ఎవరి ఉద్యోగి? ఆయన వేసే ముద్ర ఏ ప్రభుత్వానిది? పోలీసులు ఎవరి మాట వినాలి?

1940 జూన్ 17న ఫ్రాన్స్‌లోని షార్త్ర పట్టణంలో ఈ ప్రశ్నలన్నీ ఒక్క కాగితం రూపంలో ఓ అధికారి ముందుకొచ్చాయి. ఆయన పేరు జాన్ మూలెన్. మరో మూడు రోజుల్లో 41వ పుట్టినరోజు. కింద సంతకం పెట్టమన్నారు జర్మన్ అధికారులు. పెట్టనన్నారాయన. అక్కడి నుంచి మూడేళ్లు బతికారు. ఆ మూడేళ్లలో చేసిన పనికే ఫ్రాన్స్ ఇవాళ్టికీ వీధులకు, బడులకు, లియాన్‌లోని ఒక విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకుని తలుచుకుంటోంది.

బడిపంతులు కొడుకు

ఫ్రాన్స్‌కు దక్షిణాన, మధ్యధరా సముద్రానికి దగ్గర్లో బెజియే అనే ఊరు. మూలెన్ 1899 జూన్ 20న అక్కడే పుట్టారు. తండ్రి చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు. రాజులు పోయి ప్రజలు తమను తాము పాలించుకునే రిపబ్లిక్ అంటే ఆయనకు ప్రాణం. ఇంట్లో భోజనాల దగ్గరా అవే ముచ్చట్లు. కొడుక్కేమో బొమ్మలు వేయడం పిచ్చి. చివరికి తండ్రి మాటే నెగ్గింది. మాంపెలియేలో లా చదువుతూనే 1917లో ప్రిఫెక్ట్ కార్యాలయంలో చిన్న ఉద్యోగంలో చేరారు. 1918లో సైన్యం పిలిచింది. కానీ పోరాటంలో దిగే అవకాశం రాకముందే మొదటి ప్రపంచయుద్ధం ముగిసిపోయింది. మళ్లీ పాత కుర్చీకే వచ్చారు.

ప్రిఫెక్ట్ అంటే దాదాపు మన కలెక్టరే. 1800లో నెపోలియన్ పెట్టిన పదవి అది. పారిస్‌లోని ప్రభుత్వం నియమిస్తుంది. జిల్లాలో ప్రభుత్వమంటే ఆయనే. శాంతిభద్రతల బాధ్యత కూడా ఆయనదే. మూలెన్ ఈ నిచ్చెనను చకచకా ఎక్కేశారు. 1925లో సబ్ ప్రిఫెక్ట్ అయ్యేనాటికి దేశంలో ఆ హోదాలో ఉన్నవారందరిలో చిన్నవాడు. 1937లో ప్రిఫెక్ట్ అయినప్పుడూ అంతే. పగలంతా ఫైళ్లు. తీరిక దొరికితే రొమానెన్ అనే మారుపేరుతో కార్టూన్లు.

1936లో వామపక్షాల ప్రజాకూటమి ప్రభుత్వం వచ్చింది. విమానయాన మంత్రి పియేర్ కో దగ్గర మూలెన్ పనిచేశారు. పక్కనే స్పెయిన్‌లో ఎన్నికైన ప్రభుత్వం మీద సైనిక జనరళ్లు తిరగబడ్డారు. ఆ ప్రభుత్వానికి చాటుగా విమానాలు పంపే పనిలో ఈయన చేయీ ఉంది. పైకి ఒకటి చూపించి లోపల మరొకటి నడిపే విద్య అక్కడే అబ్బింది. 1939లో షార్త్రకు ప్రిఫెక్ట్‌గా బదిలీ అయ్యారు.

ఆ రాత్రి ఏడు గంటలు

1940 మే నెలలో హిట్లర్ సైన్యం ఫ్రాన్స్ మీద పడింది. జూన్ 14న పారిస్ చేజారింది. లక్షల మంది బండ్ల మీద, సైకిళ్ల మీద, కాలినడకన దక్షిణానికి పరుగు తీశారు. షార్త్ర ఖాళీ అయిపోయింది. వైద్యులు వెళ్లిపోయారు. ఫైరింజన్ వాళ్లూ వెళ్లిపోయారు. మిగిలింది కొన్ని వందల మంది జనం, దారిన పోతూ ఆగిన శరణార్థులు. మూలెన్ కదల్లేదు. రొట్టెలు కాల్చే మనుషుల్ని వెతికి పట్టుకున్నారు. గాయపడ్డవాళ్లకు చోటు చూపించారు. 17న జర్మన్లు వచ్చేసరికి యూనిఫాం తొడుక్కుని ప్రిఫెక్ట్ కార్యాలయం దగ్గరే ఉన్నారు.

సాయంత్రం పిలుపొచ్చింది. వెళ్లారు. బల్ల మీద రాసి ఉంచిన కాగితం. ఫ్రెంచి సైన్యంలోని సెనెగల్ సిపాయిలు పక్క పల్లెలో ఆడవాళ్లను చెరిచి, పిల్లలతో సహా చంపేశారని అందులో ఉంది. ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసల నుంచి తెచ్చిన నల్లజాతి సిపాయిలు వాళ్లు. శవాలున్న మాట నిజమే. అయితే అవి బాంబు దాడిలో పోయిన వారివి. మూలెన్ రుజువులు అడిగారు. రుజువుల బదులు తుపాకి మడమలు లేచాయి.

ఏడు గంటలు కొట్టారు. ఆ శవాల పక్కనే పడేసి తాళం వేశారు. తర్వాత ఆసుపత్రి కాపలాదారు గదిలోకి తోశారు. అదే గదిలో బందీగా ఉన్న ఒక సెనెగల్ సిపాయి!

ఒక్క సంతకానికి ఇంత అవసరం ఏమొచ్చింది? జర్మన్ అధికారి రాస్తే అది ప్రచారం. ఫ్రెంచి ప్రిఫెక్ట్ ముద్ర పడితే అదే ప్రభుత్వ రికార్డు. ఆ నల్లవాళ్లను ఏం చేసినా తప్పులేదనడానికి అదో ఆధారమై కూర్చుంటుంది. ఇది ఊహ కాదు. మరో రెండు మూడు రోజులకే లియాన్ దగ్గర షాసెలేలో లొంగిపోయిన ఆఫ్రికా సిపాయిలను జర్మన్లు విడదీసి కాల్చేశారు.

తెల్లవారితే మళ్లీ కొడతారు. ఈసారి ఒళ్లు తట్టుకోలేక చెయ్యే సంతకం పెట్టేస్తుందేమోనన్నది మూలెన్ భయం. గదిలో నేల మీద గాజు పెంకులు కనిపించాయి. వాటితో గొంతు కోసుకున్నారు. కాపలా సైనికుడు చూశాడు. ప్రాణం దక్కింది. సంతకం మాత్రం జర్మన్లకు దక్కలేదు. ఆ తెల్లారింది జూన్ 18. అదే రోజు లండన్ రేడియోలో జనరల్ డీగాల్ పోరాటం ఆగలేదని ప్రకటించారు. ఈ ఇద్దరికీ అప్పటికి ముఖపరిచయం కూడా లేదు.

కుర్చీ ఎవరిది?

కోలుకున్నాక మూలెన్ మళ్లీ ప్రిఫెక్ట్ కుర్చీలోనే కూర్చున్నారు. జర్మన్ల కింద దాదాపు ఐదు నెలలు పనిచేశారు. తిరిగొచ్చిన జనానికి తిండి, బడి, ఆసుపత్రి చూడాలి కదా. వదిలేసి పోతే ఆ పని జర్మన్ సైన్యం చేతుల్లోకి పోతుంది. ఉంటే ఆ సైన్యం యంత్రంలో తానూ ఒక చక్రమవుతారు. ఆక్రమణలో ఉన్న ప్రతి ఉద్యోగికీ ఈ తిప్పలు తప్పవు. ఉండొచ్చు, కానీ ఎంతవరకు? మూలెన్ గీసుకున్న గీత అబద్ధం దగ్గర మొదలైంది.

చట్టం ఏం చెబుతోంది? 1907 నాటి హేగ్ ఒప్పందం 43వ నిబంధన ప్రకారం, ఊరిని పట్టుకున్న సైన్యం ఆ ఊరికి యజమాని కాదు. శాంతిభద్రతలు చూడాలి. మరీ గత్యంతరం లేకపోతే తప్ప అక్కడి చట్టాలను మార్చకూడదు. అధికారం చేతికొచ్చినంత మాత్రాన సార్వభౌమత్వం చేతికి రాదన్నమాట.

ఈ తేడా యానాం వాసులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్కడ సైనిక ఆక్రమణ లేదు గానీ పాలన ఒకరిది, హక్కు ఒకరిది అయిన రోజులున్నాయి. 1954 నవంబరు 1న పాలన భారత్ చేతికొచ్చింది. కాగితం మీద సార్వభౌమత్వం మాత్రం 1962 ఆగస్టు 16 దాకా ఫ్రాన్స్ పేరనే ఉంది.

ఫ్రాన్స్‌లో మాత్రం వ్యవహారం తిరగబడింది. జూన్ 22న కుదిరిన యుద్ధ విరమణ ఒప్పందం దేశాన్ని ముక్కలు చేసింది. జర్మన్ల కింద ఉన్న భాగంలో ఫ్రెంచి అధికారులు జర్మన్ సైన్యం చెప్పినట్టు నడుచుకోవాలని మూడో నిబంధనలో రాశారు. జులై 10న విషీ పట్టణంలో సమావేశమైన పార్లమెంటు ముసలి మార్షల్ పెతాన్‌కు సర్వాధికారాలు కట్టబెట్టింది. అవునన్నవాళ్లు 569 మంది. కాదన్నవాళ్లు 80 మంది.

విషీ ప్రభుత్వానికి ప్రజాకూటమి మనుషులంటే గిట్టదు. నవంబరులో మూలెన్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు.

పాత యూనిఫాం.. కొత్త యజమాని

ఆ తర్వాత జరిగింది చూస్తే ఆ ఒక్క సంతకం ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. విషీ ప్రభుత్వం 1940 అక్టోబరులోనే యూదులను ఉద్యోగాల నుంచి తీసేస్తూ చట్టం చేసింది. 1941 ఆగస్టులో ప్రత్యేక కోర్టులు పెట్టింది. పాత నేరాలకు కొత్త చట్టం వర్తింపజేసి మరణశిక్షలు వేసేందుకూ వీలు కల్పించింది. పారిస్‌లో ముగ్గురి తలలు అలాగే తెగాయి. న్యాయమూర్తులంతా పెతాన్‌కు విధేయులమని ప్రమాణం చేయాలన్నారు. చేయనన్నది దేశం మొత్తం మీద ఒకే ఒక్కరు.. పాల్ దిదియే.

పోలీసుల సంగతి మరీ ఘోరం. 1942 ఏప్రిల్‌లో రెనే బూస్కే దేశ పోలీసు వ్యవస్థకు అధిపతి అయ్యాడు. మూలెన్ లాగే ఆయనా ప్రిఫెక్ట్‌గా చేసినవాడే. చిన్న వయసులోనే పైకొచ్చినవాడే. ఫ్రెంచి పోలీసుల మీద పెత్తనం ఫ్రెంచి ప్రభుత్వానికే ఉండాలని జర్మన్లతో బేరమాడాడు. వాళ్లూ సరేనన్నారు. బదులుగా యూదులను పట్టి అప్పగించే పని ఫ్రెంచి పోలీసుల నెత్తినపడింది. 1942 జులై 16, 17 తేదీల్లో పారిస్, చుట్టుపక్కల దాదాపు 13 వేల మందిని పట్టుకున్నారు. వారిలో 4 వేల మందికి పైగా పిల్లలు. తెల్లవారుజామున తలుపు తట్టింది జర్మన్ సైనికుడు కాదు. రోజూ వీధి మలుపులో నిలబడి దారి చూపించే పోలీసే!

పోలీసు వ్యవస్థ మీద పెత్తనం నిలబెట్టుకున్నామని విషీ పాలకులు చెప్పుకున్నారు. దాన్ని దేనికి వాడారన్నదే అసలు సంగతి.

అగ్గిపెట్టెలో ఆదేశాలు

ఉద్యోగం పోయిన మూలెన్ ప్రొవాన్స్‌లోని సెంత్ ఆందియోల్ అనే సొంత పల్లెకు చేరారు. అక్కడ ఊరికే కూర్చోలేదు. దక్షిణాదిలో జర్మన్లకు ఎదురు తిరుగుతున్నవాళ్లు ఎవరెవరు, ఎంతమంది, వాళ్లకేం కావాలి.. అన్నీ ఆరా తీశారు. జోసెఫ్ మెర్సియే అనే పేరుతో దొంగ కాగితాలు సంపాదించారు. 1941 సెప్టెంబరులో స్పెయిన్, పోర్చుగల్ మీదుగా బయల్దేరి అక్టోబరులో లండన్ చేరి డీగాల్‌ను కలిశారు.

అప్పటికి డీగాల్ చేతిలో ఉన్నది తక్కువ. కొంత సైన్యం, కొన్ని వలసలు. 1940 సెప్టెంబరులో పాండిచ్చేరిలోని గవర్నరు బాన్వెన్ కూడా ఆయన పక్షమే అన్నారు. అలా యానాంతో సహా ఫ్రెంచి ఇండియా విషీ వైపు కాక డీగాల్ వైపు నిలిచింది. సొంత గడ్డ మీద మాత్రం డీగాల్‌కు చెప్పుకోదగ్గ అండ లేదు. ఆ లోటు తీర్చడానికి ఈ మాజీ ప్రిఫెక్ట్ కంటే తగినవారెవరు?

1942 జనవరి 1 రాత్రి దాటాక మూలెన్ పారాచూట్‌తో ప్రొవాన్స్‌లో దిగారు. ఆదేశాలను సూక్ష్మ ఫొటో తీసి అగ్గిపెట్టె అడుగున దాచుకొచ్చారు. దక్షిణాదిలో మూడు పెద్ద రహస్య సంఘాలున్నాయి.. కొంబా, లిబెరాసియో, ఫ్రాం తిరర్. మూడింటికీ ముగ్గురు నాయకులు. ఒకరంటే ఒకరికి పడదు. లండన్ నుంచి వచ్చినవాడు మా మీద పెత్తనమేంటని కొంబా నాయకుడు ఆన్రి ఫ్రెనే మండిపడేవారు. మూలెన్ డబ్బు సర్దారు. వైర్‌లెస్ సంబంధాలు ఏర్పాటు చేశారు. బుజ్జగించారు. అవసరమైన చోట బిగించారు. ఫైలు నడిపిన అనుభవమంతా అజ్ఞాతంలో అక్కరకొచ్చింది. ఏడాది తిరిగేసరికి 1943 జనవరిలో మూడూ ఒక్కటయ్యాయి.

రెక్స్, మ్యాక్స్ అనేవి ఆయన రహస్య నామాలు. పైకి మాత్రం బొమ్మల వ్యాపారి. నీస్ నగరంలో తన పాత మారుపేరు మీదే రొమానెన్ చిత్రశాల తెరిచారు. చిన్నప్పటి పిచ్చి ఇలా పనికొచ్చింది. ఆయన దగ్గర కార్యదర్శిగా చేరిన కుర్రాడు డానియెల్ కోర్దియే తర్వాత ఆయన జీవితాన్ని పెద్ద సంపుటాలుగా రాశారు. కోర్దియే 2020లో కన్నుమూశారు.

ఒక గదిలో దేశం

అసలు పరీక్ష ముందుంది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు డీగాల్ మీద నమ్మకం లేదు. ఎన్నుకోని జనరల్‌ను ఫ్రాన్స్‌కు ప్రతినిధి అని ఎలా ఒప్పుకుంటామన్నది వాదన. జనరల్ జిరోను ముందుకు తెచ్చారు. జర్మన్లు పోయాక ఫ్రాన్స్‌ను కొన్నాళ్లు మిత్రదేశాల సైనిక పాలనలో పెట్టాలన్న ఆలోచనా ఉంది. అంటే ఒక సైన్యం పోయి ఇంకో సైన్యం. వచ్చేది మిత్రులే కావచ్చు. పాలన మాత్రం మళ్లీ సైన్యానిదే.

ఎన్నికలు పెట్టే దారి లేదు. మరి దేశం మాట ఎలా వినిపించాలి? 1943 మే 27న పారిస్‌లో ర్యూ ద్యు ఫూర్ వీధి, 48వ నంబరు ఇంట్లో మూలెన్ ఓ సమావేశం జరిపారు. ఎనిమిది ప్రతిఘటన సంఘాలు, ఆరు రాజకీయ పక్షాలు, రెండు కార్మిక సంఘాలు. కమ్యూనిస్టుల నుంచి సంప్రదాయవాదుల దాకా అందరూ ఉన్నారు. బయట గెస్టాపో తిరుగుతోంది. అధ్యక్ష స్థానంలో మూలెన్. ఫ్రాన్స్‌కు తాత్కాలిక ప్రభుత్వం కావాలి, దానికి డీగాల్ నాయకుడు కావాలి అని తీర్మానించారు. అదే జాతీయ ప్రతిఘటన మండలి. ఓటు పెట్టెలు లేని దేశంలో ప్రజల సమ్మతికి అంతకంటే దగ్గరగా వచ్చింది మరొకటి లేదు.

కాలుయిర్ వల

నెల తిరగలేదు. రహస్య సైన్యం అధిపతి జనరల్ దెలెస్ట్రేన్ జూన్ 9న దొరికిపోయారు. ఆ లోటు ఎలా పూడ్చాలో తేల్చడానికి జూన్ 21న లియాన్ పక్కన కాలుయిర్‌లో ఓ వైద్యుడి ఇంట్లో కలవాలనుకున్నారు. ముందు రోజే మూలెన్‌కు 44 ఏళ్లు నిండాయి. రోగిలా వేచి ఉండే గదిలో కూర్చున్నారు. గెస్టాపో ఇంటిని చుట్టుముట్టింది. నాయకత్వం వహించింది క్లౌస్ బార్బీ.

దొరికినవాళ్లలో ఒకరు, రెనే ఆర్ది, తప్పించుకున్నారు. ఆయనే పట్టించారన్న ఆరోపణ మీద యుద్ధం తర్వాత రెండుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లూ నిర్దోషి అన్నారు. ఎవరు పట్టించారన్న వాదన చరిత్రకారుల మధ్య నడుస్తూనే ఉంది.

మ్యాక్స్ ఎవరో బార్బీకి కొద్ది రోజుల్లోనే తెలిసిపోయింది. మోంలుక్ జైలులో పెట్టి చిత్రహింసలు పెట్టారు. నాయకుల పేర్లు, డబ్బు వచ్చే దారి, వైర్‌లెస్ సంకేతాలు.. అన్నీ తెలిసిన మనిషి. ఒక్కటీ చెప్పలేదు. స్పృహ లేని స్థితిలో పారిస్ తరలించారు. అక్కడి నుంచి జర్మనీకి రైల్లో తీసుకెళ్తుండగా దారిలో ప్రాణం పోయింది. రికార్డుల్లో ఉన్న తేదీ 1943 జులై 8.

మనిషి పోయినా..

మూలెన్ పోయారు. మండలి నిలిచింది. 1944 జూన్ 6న మిత్రదేశాల సైన్యాలు నార్మండీలో దిగాయి. వాళ్ల వెంట అమెరికాలో అచ్చువేసిన ఫ్రాన్సు నోట్లూ వచ్చాయి. జూన్ 14న డీగాల్ బాయూ పట్టణానికి వచ్చి తన అధికారిని అక్కడ కూర్చోబెట్టారు. మిత్రదేశాల సైనిక పాలనకు చోటు లేకుండా పోయింది. ఆగస్టు 9న వచ్చిన ఆదేశం విషీ పాలనను చట్టబద్ధం కాదంది. యూదుల మీద తెచ్చిన చట్టాలు, ప్రత్యేక కోర్టులు చెల్లవని తేల్చింది. పారిస్ పోలీసులు ఆగస్టు 15న సమ్మెకు దిగి, 19న తిరగబడ్డారు. రెండేళ్ల కిందట పిల్లలను పట్టిచ్చిన బలగమే అది. ఆగస్టు 25న పారిస్ విముక్తమైంది. రిపబ్లిక్‌ను ప్రకటించమని మూలెన్ తర్వాత మండలి అధ్యక్షుడైన జార్జ్ బిదో కోరితే డీగాల్ ఒప్పుకోలేదు. అసలు ఆగిపోతే కదా, మళ్లీ మొదలవడానికి అన్నది ఆయన భావం.

లెక్కలు తేలడానికి దశాబ్దాలు పట్టింది. బార్బీకి 1987లో లియాన్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 1991లో జైల్లోనే పోయాడు. బూస్కే చాలాకాలం పెద్దమనిషిలా తిరిగి, విచారణకు ముందే 1993లో హత్యకు గురయ్యాడు. నాటి అరెస్టుల్లో ఫ్రెంచి ప్రభుత్వ బాధ్యతను 1995 జులై 16న అధ్యక్షుడు షిరాక్ బహిరంగంగా ఒప్పుకున్నారు.

మూలెన్ చితాభస్మంగా భావిస్తున్న బూడిదను 1964 డిసెంబరు 19న దేశ మహనీయుల సమాధి మందిరం పాంథియాన్‌కు చేర్చారు. టోపీ, మెడకు మఫ్లరు చుట్టుకున్న ఫొటో అందరికీ తెలిసిందే. గొంతు మీది గాటు కప్పుకోవడానికే ఆ మఫ్లరని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ఫొటో జర్మన్లు షార్త్రకు రాకముందు చలికాలంలో తీసింది.

యుద్ధం ముగిశాక దేశాలన్నీ కూర్చుని 1949 ఆగస్టు 12న జెనీవా ఒప్పందం రాసుకున్నాయి. నాలుగో ఒప్పందంలోని 54వ నిబంధన ఆక్రమిత ప్రాంతాల్లోని ఉద్యోగుల గురించే. మనస్సాక్షి ఒప్పక పని మానేసిన అధికారిని, న్యాయమూర్తిని ఆక్రమించిన సైన్యం శిక్షించకూడదు, బలవంతపెట్టకూడదు అంటుందది. 1940 జూన్ 17 రాత్రి షార్త్రలో మూలెన్‌కు అండగా అలాంటి నిబంధన ఏదీ లేదు. ఉన్నదల్లా ఆయన పట్టుదలే.